రంగనాథ్ గారి చుక్క ఫైలు

రంగనాథ్ గారంటే నాకు ముందు గుర్తొచ్చేది ఢిల్లీ సాకేత్‌లో మా ఆఫీసు కింద టీ బండి దగ్గర ఆయన చెప్పిన పాఠం.

"చూడు కిరీటీ, డేటాబేసు ఎక్కడుందో ప్రోగ్రాముకి తెలీదు, పేరొకటే తెలుసు. ఆ పేరు కింద సర్వరు అడ్రసూ, డ్రైవరూ ఓ ఫైల్లో రాయాలి. ఈటీసీ ఫోల్డర్లో రాస్తే అందరిదీ. చుక్కతో మొదలయ్యే ఫైలు మన లాగిన్లో పెట్టుకుంటే మనొక్కరిదే. పైకి కనబడదు కూడానూ."

మచిలీపట్నం మనిషి. నాకు లినక్స్ నేర్పింది ఆయనే. తప్పు చేస్తే "నీ మొహం" అనేవారు, ఒప్పు చేస్తే సమోసా ఇప్పించేవారు. తర్వాత సర్వరు అధికారాలన్నీ నా చేతికొచ్చాయి. ఆయన కాంట్రాక్టు మనిషిగానే ఉండిపోయారు.

మేం చూసేది ఘాజియాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబు రిపోర్టులు. మార్చిలో ఆయన కాంట్రాక్టు ముగిసింది. కొత్తది ఇచ్చి మళ్లీ పిలుస్తామన్నాం. రూలు ప్రకారం మర్నాడు పొద్దున ఆయన లాగిన్ తీసేశాం. అరగంటలో రిపోర్టులు ఆగిపోయాయి, కౌంటరు దగ్గర రోగుల గోల. చూద్దును గదా, ప్రోగ్రాము నడుస్తున్నది ఆయన లాగిన్‌తో, డేటాబేసు అడ్రసు ఉన్నది ఆయన చుక్క ఫైల్లో. నాకు పాఠం చెప్పిన మనిషే!

మా మేనేజరు చాందిని ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి.

"అంకుల్ కావాలనే దాచారు, హై నా? తను లేకపోతే పని ఆగాలని. హెడ్డాఫీసుకి రాసేస్తా. కొత్త కాంట్రాక్టు క్యాన్సిల్."

నాకూ ఒళ్లు మండి ఉంది. "అలాగే కనబడుతోంది మేడమ్" అన్నాను.

బ్యాకప్పులోంచి ఆ ఫైలు తీశాను. అడ్రసుల పైన, సెమికోలన్ పెట్టి, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది. అలాంటి వరుసల్ని కంప్యూటరు పట్టించుకోదు, మనుషులు చదువుకోవడానికే.

"తాత్కాలికం. ఈటీసీలో రాసే పర్మిషన్ నాకు లేదు. కిరీటిని అడిగాను, 2021 జూన్. మళ్లీ అడిగాను, 2022 జనవరి. పాపం, బిజీగా ఉన్నాడు. వెళ్లేలోపు ఇంకోసారి అడగాలి."

అడిగారు కూడా. ఆఖరి రోజు, కేకు కోసేటప్పుడు. "రేపు చేసేద్దాం సార్" అన్నాను నేను.

అడ్రసులు ఈటీసీలోకి ఎక్కించి, ప్రోగ్రామును ఆఫీసు లాగిన్‌కి మార్చాను. రెండు నిమిషాల పని. రిపోర్టులు కదిలాయి. చాందిని ఇంకా మెయిలు టైపు చేస్తూనే ఉంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"రంగనాథ్ గారి పేరు తీసేయండి మేడమ్. అక్కడ నా పేరు రాయండి."