బల్బు మామ చెవులు

వీధిలో అందరికీ ఆయన బల్బు మామ. రిపేరుకొచ్చిన ఆంప్లిఫయర్ని నేరుగా కరెంటుకు కలపడు. మధ్యలో ఒక బల్బు తగిలిస్తాడు. లోపల ఇంకా తేడా ఉంటే బల్బు భగ్గున వెలిగి ఆ దెబ్బ తాను కాస్తుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ముప్పై ఏళ్లుగా అది ఆయన వీపు వెనక గోడ మేకుకే వేలాడుతోంది.

ఎదురింటి దర్జీ తెచ్చింది నలభై ఏళ్లనాటి స్టీరియో ఆంప్లిఫయర్. ఒక్కడు ఎత్తలేని బరువు. అరచేతిలో పట్టే డబ్బాల్లో పాటలు వినే ఈ జనానికి దాని సంగతి చెప్పినా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే. మామ తొమ్మిది రోజులు దానితోనే కాపురం చేశాడు.

"మూడుసార్లు పిలిచాను అన్నానికి. చెవులు పోయాయా?" అని రోజూ సణిగేది భార్య.

ఆ మాట ఆయన్ను లోపల తొలుస్తూనే ఉంది. చెవులు మోసం చేసిన రోజున షాపు మూసేస్తానని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాడు.

పదో రోజు బల్బు మెరిసి మసకబారింది. మామ పెట్టెవైపు తిరిగి, పాట పెట్టి, అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. సన్నగా పెడితే తేనె. పెంచేసరికి డప్పు నీరుగారిపోయింది. మళ్లీ పెంచాడు. అంతే. పెట్టెలో ప్రతి అతుకూ రెండుసార్లు చూసుకున్నవాడు పెట్టెనెలా అనుమానిస్తాడు?

"నువ్వన్నది నిజమే," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నా చెవులు పోయాయి. రేపట్నుంచి షాపు లేదు."

గుమ్మంలో నిలబడ్డ భార్య ముఖం పాలిపోయింది. ఆయన్నే చూస్తూ ఏదో అనబోయి, గోడవైపు చూసి ఆగింది.

"అది సరే గానీ, డప్పు దెబ్బకల్లా ఆ బల్బెందుకలా గెంతుతోందండీ?"

మామ గిర్రున తిరిగాడు. పెట్టె అడిగిన కరెంటంతా బల్బే మింగుతోంది! పరీక్ష అయ్యాక దాన్ని తీయడం మరిచాడు.

బల్బు పీకి నేరుగా కలిపాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. దర్జీ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"మామా! మా గోడ మీది కత్తెర కిందపడింది!"

"పడనీరా!" మామ కళ్లలో నీళ్లు. "విన్నాను, అదీ విన్నాను!"

భార్య నడుం మీద చేతులు వేసింది.

"అయితే చెవులు బానే ఉన్నాయన్నమాట. మరి నేను పిలిస్తే పలకరేం?"

మామ చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.