అత్తగారి విత్తనాలకు నేను బిగించిన మూత

పద్ధతిగల ఇంటిని కల్లు పాక చేయడానికి ఒక్క రేకు డబ్బా చాలు. నమ్మరా? నేను చేశాను గనకే చెబుతున్నాను.

ఒరిస్సా కొత్తగా వేరు రాష్ట్రమైన రోజులు. మా నాన్నది బరంపురంలో దినుసుల కొట్టు. "మూత బిగిస్తేనే సరుకు దక్కుతాది" అన్నది మా ఇంటి వేదం. నన్నిచ్చింది మాత్రం చికిటి దగ్గర వ్యవసాయం ఇంటికి. మా ఆయన బరంపురం కాలేజీలో సైన్సు చదువుతూ సెలవులకు వచ్చేవారు.

ఆ ఏడు అత్తగారు విత్తనపు వడ్లు నానబెట్టి, మొలకలు రావడానికి గోనెసంచిలో కట్టారు.

"మా సెల్లిని సూసి ఎల్లుండొస్తాను. నీళ్లు సల్లు. ఇంకేటీ సెయ్యకు!"

కొత్త కోడలు పొద్దెరగదు కదా! సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. సరుకు వేడెక్కిందంటే పాడైపోతున్నట్టే. గబగబా గింజలన్నీ డబ్బాలో పోసి, మూత బిగించి, అంచంతా మైనం పూశాను. అతి రహస్యం బట్టబయలంటారు. అతి భద్రం ఏమవుతుందో అప్పటికి నాకు తెలీదు.

మూడో రోజు మా ఆయన వచ్చి చాపమీద కూర్చున్నారో లేదో, లోపలి గదిలో ఠప్పుమని మూత ఎగిరింది. ఇల్లంతా కల్లు వాసన. సరిగ్గా అప్పుడే అత్తగారు గడప దాటి, ముక్కు ఎగబీల్చి, కొడుకువైపు చూశారు.

"ఏట్రా, బరంపురంలో సదువంటే ఇదేనేటి?"

"అమ్మా, నీమీదొట్టు! నేనేటీ తాగలేదే!"

"అయితే ఊదు!"

పాపం, ఊదారు. నేను ఏడుస్తూ డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

"ఓలమ్మో, ఇత్తనాలే!" అత్తగారు కూలబడ్డారు. "ఇంక నారేటితో పోస్తాం?"

మా ఆయన మాత్రం డబ్బాలో తలపెట్టి వెలిగిపోయారు. "సూసేవా అమ్మా! మొలకెత్తే గింజ ఊపిరి పీలుస్తాది. తనలో పిండిని గ్లూకోజు సేసుకుంటాది. గాలుంటే కణాలు ఆ గ్లూకోజుని పూర్తిగా ఇరగ్గొట్టి సత్తువ తీస్తాయి. ఆ ఎచ్చదనం అదే! గాలి లేకపోతే పని సగంలో ఆగి సారా, గేసూ అవుతాది. ఆ గేసే మూత ఎగరగొట్టింది. పీక నొక్కినా ఆ సగం సత్తువతోనే బతకాలని సూసింది, ఎంత గొప్పది!"

"గొప్పదే. నువ్వెల్లి పొలంలో మొలువు," అన్నారు అత్తగారు.

చివరికి తిండికి ఉంచిన వడ్లలో గట్టివి ఏరి నానబెట్టాం. కోతలదాకా అందరికీ అన్నం బదులు చోడి అంబలే, అదే రాగి అంబలి. రెండో సంచి వెచ్చబడ్డాక అత్తగారే నా చెయ్యి పట్టి అందులో పెట్టించారు. కట్టె లేదు, పొయ్యి లేదు, తన వేడి తానే పుట్టించుకుంటోంది! ఆ చిన్న గింజకు నిజంగానే దండం పెట్టుకున్నాను.

అంబలి గిన్నె సాక్షిగా ఒట్టు కూడా పెట్టుకున్నాను: ఊపిరి పీల్చేదేదైనా సరే, జన్మలో మూత బిగించను. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఇప్పటికీ గ్లూకోజు కథ మొదలుపెడతారు. ఏం చేయను, ఆయనా ఊపిరి పీల్చేవారే, ఒట్టు ఒట్టే!