సరిపోతుందని చెప్పింది నేనే

మా టైపు మాస్టరు పోయారన్న కబురు నారాయణఖేడ్ బస్‌డిపో ముందు తెలిసింది. నాగల్‌గిద్ద ఆటో ఎక్కుతూ పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. "మన టైపు సార్ పోయిండు. నిన్న పొద్దుగాల దవాఖానకు తోల్కపోతుంటె తొవ్వలనే పాణం ఇడిసిండట." ఆటో కదిలింది, వాడు వెళ్లిపోయాడు. ఆయన గురించి మంచే రాయాలని కూర్చున్నాను. రాస్తే నా సంగతీ రాయక తప్పదు.

కంగ్టి నుంచి వచ్చిన నన్ను ఆయన తన ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో ఉండనిచ్చారు. నాలుగేళ్లు వాళ్లింటి జొన్నరొట్టె తిన్నాను. కానీ మనిషి నోరు చెడ్డది, చెయ్యి అంతకన్నా చెడ్డది. తప్పు కొడితే ఇనుప స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద వేసేవారు. "ఏలుకు నొప్పి తెలిస్తెనే అచ్చరం యాదికుంటది" అనేవారు. నేను అక్కడే నేర్పేవాణ్ని అయ్యాక కూడా ఆ స్కేలు నన్ను వదల్లేదు. ఒకరోజు బ్యాచ్ మొత్తం చూస్తుండగా కొట్టి, "గీడు మీకు నేర్పుతడంట, సూడుండ్రి" అన్నారు. ఆడపిల్లలు తల వంచుకుని నవ్వారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు.

టైపుకు వచ్చేవాళ్లు తగ్గిపోతుంటే ఆయన ఒక్కటి తప్ప మిషన్లన్నీ అమ్మి పాత కంప్యూటర్ ఒకటి కొన్నారు. ఇన్‌స్టిట్యూట్ అంతా దాని మీదే నడిచేది. ఎండాకాలంలో ఫ్యాన్ ఆగిపోయి దాని ప్రాసెసర్ మాడింది. అప్పటికే ఆ రకం రావడం మానేసింది. పిల్లలు ఓ వారం చూసి, జహీరాబాద్ పోయి నేర్చుకుంటామన్నారు.

మా దగ్గర బోరు మోటారుకు వాషర్ కావాలన్నా పాతది జేబులో వేసుకుని పోతాం, కొలత కలిస్తే కొంటాం. మాస్టరూ అదే చేశారు. మాడిన ప్రాసెసర్‌ను సబ్బుపెట్టెలో పెట్టుకుని హైదరాబాద్ వెళ్లి, పాత సామాను అంగళ్లన్నీ తిరిగారు. "ఇంకా గీ బోర్డు వాడుతున్నవా" అని అంగడివాళ్లు నవ్వారట. చివరికి ఒకటి దొరికింది. గుండుసూదితో రెండింటి అడుగున ఉన్న పిన్నుల కాళ్లూ వరస వరసా లెక్కపెట్టి, తేడా లేదని తృప్తిగా తెచ్చుకున్నారు.

"నువ్వు సూడురా. నా కండ్లకు అచ్చరాలు ఆనుతలేవు. సరిపోతదా?" అని నా చేతిలో పెట్టారు. ఆయన నన్నొక మాట అడగడం అదే మొదటిసారి.

కాళ్లు సరిపోయాయి, కరెంటు సరిపోలేదు. ప్రాసెసర్ కూర్చునే మా బోర్డు ఐదు వోల్టులు పంపేది. కొత్తదాని వీపు మీద సన్నగా మూడు వోల్టులని అచ్చయి ఉంది. పెడితే మాడిపోతుందని నాకు తెలుసు. ఆ అక్షరాలు చదువుతుంటే దాన్ని పట్టుకున్న నా వేళ్ల కణుపులూ కనిపించాయి.

"సరిపోతది సార్" అన్నాను.

ఆయనే స్వయంగా కూర్చోబెట్టి స్విచ్ వేశారు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. తెర నల్లగానే ఉంది. ఆయన నావైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకున్నారు. "మూల మీది గుర్తు సూస్కోక తిప్పి పెట్టిన్నేమో" అన్నారు. నేను కాదనలేదు.

నెల తిరక్కుండానే ఇన్‌స్టిట్యూట్‌కు తాళం పడింది. మిగిలిన ఒక్క మిషన్‌తో ఆయన మండలాఫీసు ముందు దరఖాస్తులు కొట్టుకుంటూ బతికారు. నేను డిపో ఎదురుగా కంప్యూటర్ సెంటర్ పెట్టాను. ఎదురైనప్పుడల్లా "మంచిగ నడుస్తుందారా?" అని అడిగేవారు. ఎగతాళికి కాదు, నిజంగా సంతోషపడే అడిగేవారు. దానికన్నా ఆ స్కేలు దెబ్బే నయమనిపించేది.

మూడోనాడు వాళ్లింటికి వెళ్లాను. పక్కింటివాళ్లు తెచ్చిన చాయ్ ఆయన భార్య నాకూ పోసి ఇచ్చింది.

"ఎప్పుడు నీ ముచ్చటే తీస్తుండె బిడ్డా. పోరడు సక్కగనే సూసి చెప్పిండు, నేనే తిప్పి పెట్టి కాలవెట్టిన, ఆని పని గూడ పోగొట్టిన అని. గా పరేషాన్‌తోనే పోయిండు."

చెబుదామని నోరు తెరిచాను. గ్లాసు కోసం ఆమె నిలబడే ఉంది. చాయ్ మొత్తం తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చాను.