డాక్టరమ్మ అన్నం

పోయిన నెల మా ఆడబిడ్డ మనవరాలి పెళ్లి విందుకని హైదరాబాద్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకు వెళ్లాను. మన కాలంలో పెళ్లంటే బగారన్నం, యాటకూర, ఏదో ఒక తీపి, అంతటితో విస్తరి నిండేది, మనసూ నిండేది. ఇప్పుడు దేశదేశాల వంటలకు వేరే వరుస పెడుతున్నారు, ఏది ఏ దేశానిదో అట్టముక్క మీద రాస్తే తప్ప తెలియదు. ఆ వరుసలో ఒకచోట 'జంబలాయ' అని తెలుగులోనే రాసి ఉండడం చూసి నా కాళ్లు ఆగిపోయాయి. వెనక పళ్లాలు పట్టుకున్నవాళ్లు గొణుగుతున్నా కదల్లేదు. వడ్డించే ఆయన నా అయోమయం చూసి, ఇది అమెరికా బిర్యానీ మేడం, కారం ఉండదు, తినండి అని ఒక గరిటె వేశాడు. పచ్చగా పసుపు రంగులో, పొడిపొడిగా, సిమ్లా మిర్చి ముక్కలతో చూడముచ్చటగానే ఉంది కానీ రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాను. ఆ పేరు జహీరాబాద్‌లో నాకంటే ముందు విన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు, ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

మేము ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడినవాళ్లం. నాన్న పత్తి మిల్లులో పనిచేసేవాడు. మా ఇంట్లో రెండు పూటలా జొన్నరొట్టెలే. అన్నం వండారంటే చుట్టాలైనా రావాలి, పండుగైనా కావాలి, జ్వరమైనా తగలాలి. నా ఈడు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, భర్త పోయిన తరవాత మా ఇంట్లోనే ఉంటూ మిషన్ దవాఖాన ఆవరణలో ఉన్న డాక్టరమ్మ బంగళాలో వంట చేసేది. బడి లేని రోజుల్లో నేను పెద్దమ్మ కొంగు పట్టుకుని బంగళాకు పోయేదాన్ని. పని నేర్చుకుంటానని అనేదాన్ని కానీ నిజానికి నాకు ఆ ఇంట్లో ప్రతిదీ వింతే. పుస్తకాల వాసన వింత, గాజు సీసాల్లో నిలవ పెట్టిన జామకాయ జామ్ వింత, అన్నిటికంటే డాక్టరమ్మ వింత.

ఆమెది అమెరికాలో దక్షిణాన లూసియానా అనే ప్రాంతం. అక్కడ అన్నీ వాగులూ చిత్తడి నేలలూ అట, వరి బాగా పండుతుందట, అక్కడి తన వాళ్లను కేజన్‌లు అంటారట. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేది. నూలుచీర చీలమండల పైకి కట్టి వార్డుల వెంట గబగబా నడిచేది. తెలుగు, పుస్తకాల్లో కాకుండా కాన్పులకొచ్చిన ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నది కావడంతో మా నాన్న కంటే అచ్చంగా మాట్లాడేది. రాయికోడ్ వైపు నుంచి ఎడ్లబండి మీద ఆలస్యంగా తెచ్చిన నిండు గర్భిణుల మొగుళ్లను ఆమె తిడుతుంటే వినడానికి జనం గోడ పక్కన నిలబడేవాళ్లు. మా వాడలో పిల్లలు సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే, నాతో సహా.

అంత పెద్ద డాక్టరు ఏడాదికి ఒక్క రోజు, వానాకాలంలో, పెద్దమ్మను పొయ్యి దగ్గర నుంచి లేపి తానే వంటకు కూర్చునేది. అది వాళ్లమ్మ పోయిన రోజు. వాళ్లమ్మ చేతి వంట ఒకటి ఆ రోజు చేసుకుని తినాలని ఆమె నియమం. ఒకే గిన్నెలో ముందు మాంసం వేయించి, దాంట్లోనే ఉల్లిగడ్డ, మిరపకాయ, ఇంకేదో ఆకుకాడ తరిగి వేసి, నీళ్లు పోసి, బియ్యం పోసి మూత పెట్టేది. వాళ్ల దేశంలో వేసే పొగబెట్టిన మాంసం ఇక్కడ దొరకదు కాబట్టి పెద్దమ్మ మా ఇంటి నుంచి ఒట్టి తునకలు తెచ్చి ఇచ్చేది. ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసిన యాటమాంసం ముక్కలు దానికి బదులు సరిగ్గా సరిపోతాయని డాక్టరమ్మ మురిసిపోయేది. వాళ్ల ఆకుకాడా ఇక్కడ దొరకదు, దానికి బదులు కొత్తిమీర కాడలు. దాని అసలు పేరు జంబలాయ అని నాకు ఆమే చెప్పింది. పెద్దమ్మ మాత్రం ఆ పేరుతో కుస్తీ పట్టలేక 'డాక్టరమ్మ అన్నం' అనేది.

అయితే అంత ఇష్టంగా వండిన అన్నాన్ని ఆమె ఎన్నడూ కడుపునిండా తినగా నేను చూడలేదు. మూత తీసి చూసేది, నాలుగు ముద్దలు తినేది, మంచిగనే ఉన్నదని ఎవరో అడిగినట్టు తనలో తాను అనుకుని, మిగిలింది మాకు పెట్టేసేది. మాకేమో అది అమృతం. నాకు ఊరుకునే స్వభావం లేదు కదా, ఒక ఏడు ఉండబట్టలేక ఏం తక్కువైందని అడిగేశాను. పెద్దమ్మ వెనక నుంచి నా జడ లాగింది.

"రంగు రాలే బిడ్డా," అంది డాక్టరమ్మ. "మా అమ్మ చేస్తే మీ జహీరాబాద్ మట్టి లెక్క ఉంటుండె. నా చేతికి ఎందుకో రాదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. మన ఎర్రమట్టి రంగు అన్నానికి ఎలా వస్తుంది? కారమా, టమాటనా, చింతపండా? ఇంటికి వచ్చి అమ్మను వేధించాను, పొరుగువాళ్లను వేధించాను. మరుసటి ఏడు పెద్దమ్మ, డాక్టరమ్మ చూడకుండా ఒక చెంచాడు కారం కలిపింది. రంగు వచ్చింది కానీ మట్టి రంగు కాదు, డాక్టరమ్మకు పొలమారి కళ్ల నీళ్లు వచ్చాయి. ఇక పెద్దమ్మ ఒకటే తేల్చింది: చదువు అంత వచ్చినమ్మకు వంట రాదు పాపం, అన్నీ ఒకరికే ఇస్తాడా దేవుడు!

ఆమె అలా అనుకోవడానికి కారణం ఉంది. మాంసం పొయ్యి మీద ఉండగానే డాక్టరమ్మ దాన్ని వదిలేసి కిటికీ దగ్గర నిలబడేది, లేకపోతే వార్డు నుంచి పిలుపు వస్తే లేచి పోయేది. మాంసం గిన్నెకు పట్టుకోవడం మొదలయ్యేది. మనలో కూర అడుగంటడమంటే ఎంత నామోషీయో మీకు తెలుసు. మా అమ్మ అయితే మాడిన గంజును వాకిట్లో తోమేది కాదు, ఎవరి కంటా పడకుండా పెరట్లో తోమేది. కాబట్టి డాక్టరమ్మ అటు తిరగ్గానే పెద్దమ్మ చప్పున ఒక కట్టె వెనక్కి లాగి, రెండు గరిటెల నీళ్లు చిలకరించి, అంటుకోకుండా కలిపేసేది. ఏడాదికి ఒక్కసారి వండుకునే తల్లి వంట మాడిపోకుండా కాపాడానని ఆమెకు తృప్తి. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పేది కాదు. ప్రాణాలు పోసే మనిషితో మీరు కూర మాడబెడుతున్నరని ఏ నోటితో చెబుతారు?

ఇలా ఏళ్లు గడిచాయి. నేను హైస్కూలు చదువు పూర్తి చేసే నాటికి, అంటే ఎనభైల మొదట్లో, డాక్టరమ్మకు వయసైపోయిందని వాళ్ల దేశం నుంచి పిలుపు వచ్చింది. ఇక తిరిగి రావడం ఉండదు. బంగళాలో సామాన్లు పెట్టెలకెక్కుతుంటే పెద్దమ్మ ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఒక మాట అంది. పోయేలోపల ఒక్కసారైనా ఆమెకు వాళ్లమ్మ అన్నం కడుపునిండా పెట్టి పంపాలె. మన ఇంట్ల, నా చేతులతోని. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చూసి నాన్న కూడా కాదనలేదు. రంగు ఎలా తెస్తావని నేనడుగుతుండగానే లేచి బంగళాకు పోయింది. ఆదివారం మా ఇంట్లో భోజనమని డాక్టరమ్మకు చెప్పేసి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే నాటుకోడి, ఒట్టి తునకలు, మంచి బియ్యం, అన్నీ సిద్ధమయ్యాయి. అమ్మ దుకాణం నుంచి రంగు పొడి తెప్పిద్దామంది, పెద్దమ్మ వద్దంది. గంజు పొయ్యి మీదికెక్కి, మాంసం నూనెలో చిటపటలాడుతుండగా వాకిట్లో గోల మొదలైంది. చెప్పిన వేళకంటే ముందే డాక్టరమ్మ నడుచుకుంటూ వచ్చేసింది, ఆమె వెనక వాడంతా వచ్చింది. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలను వాళ్ల తల్లులు ముందుకు తోస్తున్నారు. వాళ్లలో కొందరికి అప్పటికే మీసాలు వస్తున్నాయి. ఒక ముసలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని వదలదు. పెద్దమ్మ బయటికి పరుగెత్తింది, అమ్మ నీళ్ల చెంబుతో పరుగెత్తింది, నేను కుర్చీ కోసం పక్కింటికి పరుగెత్తాను. పొయ్యి దగ్గర ఎవరూ లేరన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

వాసన వచ్చాక అందరం లోపలికి ఉరికాం. మాంసం గంజుకు గట్టిగా పట్టుకుపోయి అడుగంతా ముదురు గోధుమ రంగు కట్టింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. వేరే గంజులోకి తీసేద్దామని ఒకటి అందుకుంది. కళ్లలో నీళ్లు నిండుతుండగానే పెద్దమ్మ చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం పొయ్యిలోని కట్టె మీదికి పోయింది.

"ఉండు చెల్లే, కట్టె తీయకు!"

డాక్టరమ్మ గడప దగ్గర నిలబడి ముక్కుతో గాలి పీలుస్తోంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చీర చెంగు దోపుకుని పీట మీద కూర్చుంది. ఉల్లిగడ్డలూ మిరపకాయలూ ఒక్కసారే గంజులో గుమ్మరించి, చెంబుతో నీళ్లు పోసి, ఇనుప గరిటెతో అడుగును బలంగా గీకడం మొదలుపెట్టింది. గీకుతున్న కొద్దీ ఆ అంటుకున్నదంతా ఊడి నీళ్లలో కరిగి, గంజంతా వాన పడ్డ మన ఎర్ర చెలక నేల రంగులోకి తిరిగింది. బియ్యం పోసి మూత పెట్టింది. అప్పుడు తల తిప్పి పెద్దమ్మ చేతి వైపు చూసింది.

"బంగళాల గూడ గిట్లనే కట్టె తీస్తుంటివా?"

పెద్దమ్మ తల దించుకుంది. "మాడిపోతదని తీస్తుంటి అమ్మా. మీకు జర వంట తెల్వదనుకున్న. ఎట్ల చెప్పాలె మీకు?"

డాక్టరమ్మ కోప్పడుతుందేమోనని నేను పెద్దమ్మ పక్కకు జరిగాను. ఆమె గరిటె కింద పెట్టి, పెద్దమ్మ చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది.

"అడుగు పట్టాలెననే నేను వదిలి పోతుంటి. మా అమ్మ చెయ్యి నాకు రాలేదని ఎన్నిసార్లు ఏడ్చిన్నో నీకు తెల్వదు," అంది. ఆ తరవాత ఆమె నవ్వడం మొదలుపెడితే పెద్దమ్మ ఏడవడం మొదలుపెట్టింది, కాసేపటికి ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియకుండా అయింది. అమ్మ చేతిలో ఖాళీ గంజు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు డాక్టరమ్మ మా ఇంట్లో చాప మీద కూర్చుని చేత్తో తింది, మళ్లీ పెట్టించుకుని తింది, అడుగున గీకిన మాడుచెక్క కూడా నాకూ పెద్దమ్మకూ పంచి తాను తింది. మాంసం తియ్యగా, కొంచెం చేదుగా, పొగ వాసనతో, నేను అంతకుముందు తిన్నదానికీ దీనికీ పోలికే లేదు. ఆ వారంలోనే ఆమె హైదరాబాద్ బస్సెక్కింది. ఆ తరవాత మా ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ అన్నం వండేవాళ్లం. వండిన ప్రతిసారీ పెద్దమ్మను వంటగది బయట కూర్చోబెట్టాల్సి వచ్చేది, ఎందుకంటే అంతా తెలిసి కూడా మాంసం పట్టుకుంటుంటే ఆమె చెయ్యి ఆగేది కాదు.

ఇప్పుడు ఏదీ అంటుకోని గిన్నెలు వచ్చాయి. ఏ వంట ఎలా చేయాలో, ఎక్కడ తప్పామో చెప్పడానికి ఫోనులో లోకమంతా సిద్ధంగా ఉంది. తెలియనిది అడగడానికి మా కోడళ్లకు మొహమాటం లేదు, అది మంచిదే. పెద్దమ్మ ఒక్క మాట అడిగినా, డాక్టరమ్మ ఒక్క మాట చెప్పినా అన్నేళ్లు ఆ అన్నం పాలిపోయి ఉండేది కాదు. నాకు అది తెలుసు. అయినా వెలితిగానే ఉంటుంది. ఎదుటి మనిషి నొచ్చుకోకుండా, పేరు కోరకుండా, ఆ మనిషి అటు తిరిగినప్పుడు ఆమె వంటను కాపాడాలని పొయ్యి పక్కన కాచుకుని కూర్చునేవాళ్లు ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నారు? నా తప్పులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. అన్నం పాడైతే పోయింది, నాకు తెలియకుండా నాకోసం ఆ పొరపాటు చేసేవాళ్లు ఒక్కరైనా పక్కన ఉంటే బాగుండేదని ఒంటరిగా వండుకునేటప్పుడు అనిపిస్తుంది.