ఉప్పునీళ్ళకు ఓర్చే సబ్బు

వీధిలో అందరూ మా వదినను సబ్బుల వదిన అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, మరిదినన్న చనువుతో. పక్కింటావిడ ఓసారి నిజంగానే "మీ సబ్బు ఓ బిళ్ళ ఇవ్వరూ" అని అడిగింది. వదిన నవ్వి ఊరుకుంది. ఆమె సబ్బు వదిలించాల్సింది రాళ్ళ జిడ్డు.

నేల లోతున రాతి సందుల్లో చమురు అంటుకుపోయి ఉంటుంది. బావిలోకి సబ్బునీళ్ళు పంపితే వదులుతుంది. చిక్కల్లా అక్కడి నీళ్ళతోనే. వాటి ముందు సముద్రం చప్పిడి. మామూలు సబ్బు అందులో పడగానే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఆ ఉప్పుకు ఓర్చే సబ్బు కోసం వదిన పెళ్ళికి ముందునుంచీ ప్రయోగశాలలో ఒకే బల్ల దగ్గర గాజుగొట్టాలు ఊపుతోంది. ఊపడం, వేడి పెట్టెలో ఉంచడం, మర్నాడు చూసి పారబోయడం. "నా మొహం కంటే ఆ గొట్టాలనే ఎక్కువ చూసింది" అని అన్నయ్య దెప్పుతుంటాడు. చివరికి పైవాళ్ళు తేల్చేశారు. ఈసారీ కుదరకపోతే బల్ల ఎత్తేసి ఆమెను స్టోర్స్‌కి మారుస్తారట.

ఈసారి కుదిరింది. బావి నుంచి తెచ్చి ఉంచిన నీళ్ళలో సబ్బు కలిపితే గొట్టం తేటగా నిలిచింది. డైరెక్టర్ అందరికీ టీ తెప్పించాడు. మాట కంటే విసుగు ముందొచ్చే బావి ఇన్‌ఛార్జి కూడా పంపులు సిద్ధం చేసుకున్నాడు.

ఖాళీ డబ్బాలు తనే కడుక్కోవడం వదినకు అలవాటు. నీళ్ళు తెచ్చిన డబ్బా అడుగున తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంది. గోటితో గీకి చూసి అక్కడే చతికిలబడింది. సబ్బును అసలు విరగ్గొట్టేది నీళ్ళలోని సున్నమే, నిలవున్నన్నాళ్ళూ అదంతా అడుగుకు దిగిపోయింది. తను పరీక్షించింది పైతేటను. సబ్బు గెలిచింది కోరలు పీకిన పాము మీద.

ఆ పొరను ఇంకెవరూ చూడలేదు. నేనైతే కడిగేసి ఇంటికొచ్చేవాణ్ణి, అబద్ధమెందుకు? వదిన మాత్రం డబ్బా పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళింది.

"రేపు పంపొద్దు సార్. రాతిలో విరిగిందంటే ఆ బావి ఇక పూడిపోతుంది."

అప్పుడే తోడిన నీళ్ళు తెప్పించారు. సబ్బు విరిగింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదమ్మా. కానీ మీ బల్లను నేనింక కాపాడలేను," అన్నాడు డైరెక్టర్. మంచివాడే పాపం.

ఇంట్లో నేను మండిపడ్డాను. "నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేసుకున్నావు కదా వదినా!"

"ఊరుకోవయ్యా," అంటూ మొహం తిప్పుకుంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి చూశాను. నా కోపం నామీదికే తిరిగింది.

వదిన స్టోర్స్‌లో చేరాక ఓ సెలవురోజున బావి ఇన్‌ఛార్జి మా గుమ్మంలో డబ్బా దించాడు.

"పొద్దున్నే తోడానమ్మా. నిలవ నీళ్ళు కావు."

"నాకు బల్లే లేదు కదండీ."

"మా షెడ్డులో వేయించాను. వేడి పెట్టె కూడా ఉంది," అన్నాడు విసుగ్గా. "ఎన్నాళ్ళయినా పట్టనీయండి. నా బావిలో ఇంకెవరి సబ్బూ పోయనివ్వను."