కోత పండుగలో మోగిన పంపు

రాజరత్నం గొంతు విప్పితే తణుకు పక్కనున్న ఆ ఊరి చర్చికి మైకు దండగ. కోత పండుగనాడు విశ్వాసులు కానుకగా తెచ్చిన అరటిగెలలు, కోడిపుంజులు, గుమ్మడికాయలు వేలం వేయడం ఆయన హక్కు. ఆ హక్కు జోలికి పాస్టరుగారు కూడా వెళ్లరు.

అదే ఆయన కొంప ముంచింది. మనవరాలు సారికకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయే జబ్బు. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి పొట్ట చర్మం కింద చిన్న పంపు పెట్టారు. అందులోని మందు సన్నటి గొట్టం గుండా వెన్నులోకి పోతూ ఉంటే కాళ్లు మెత్తగా ఉంటాయి. మందు అయిపోకముందే వెళ్లి సూదితో మళ్లీ నింపించుకోవాలి. ఈసారి గడువు శుక్రవారం. పండుగేమో ఆదివారం, ఆ వారమంతా ఇంటింటికీ తిరిగి కానుకలు పోగుచేసే పని కూడా ఆయనదే.

"డేట్ దాటిపోతుందండి మావయ్యగారూ," అని కోడలు బేబి నెత్తీనోరూ బాదుకుంది.

ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు వేసి రిటైరైన మనిషాయన. "అయిపోయిందన్నాక కూడా రెండు పూటల వంటకి వస్తుందమ్మా. సోమవారం వెళ్దాం," అని తేల్చేశాడు.

ఆదివారం ఒక పుంజును పైకెత్తి "ఒకటోసారి" అన్నాడో లేదో, కీచుమంటూ ఏదో మోగింది.

"ఎవరి ఫోనండీ అది? దేవుడి సన్నిధిలో కూడానా?"

అందరూ సంచులు తడుముకున్నారు. కాసేపటికి మళ్లీ మోగింది. ఈసారి పాస్టరుగారు కూడా జేబులు చూసుకున్నారు. ముందు వరుసలో చక్రాల కుర్చీలో ఉన్న సారిక చెయ్యెత్తింది.

"తాతయ్యా, మోగేది నా పొట్ట."

జనం పగలబడి నవ్వారు. సారికా నవ్వింది. రాజరత్నానికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. మందు అడుగంటితే పంపు మోగుతుందని, మందు ఆగిపోతే ప్రాణానికే ముప్పని ఆస్పత్రిలో చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. పుంజును పాస్టరుగారి చేతిలో పెట్టేసి, పిల్లను ఎత్తుకుని, బేబితో కలిసి దొరికిన కారెక్కాడు.

దారిలో మందు తగ్గినకొద్దీ సారిక ఒళ్లంతా దురదగా ఉందంది. రావులపాలెం దాటేసరికి మడమలు ఒకదానిమీదొకటి మెలిపడ్డాయి. ఆయన ఎంత విడదీసినా రాలేదు. 'ప్రభువా, పొగరు నాది, పిల్లది కాదు' అని గొణుక్కుంటూనే ఉన్నాడు.

రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టరమ్మ పంపులో మందు నింపి, మోత ఆపింది. "డేట్ ఎవరు దాటించారు?" అని అడిగింది. మామగారి పరువు కోసం బేబి తల దించుకుంది.

"నేనేనండి. సిలిండర్ లాంటిదే అనుకున్నానండి," అన్నాడు రాజరత్నం.

డాక్టరమ్మకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ముందు గట్టిగా తిట్టి, తర్వాత నవ్వింది. కాళ్లు సర్దుకోవడానికి కొన్ని గంటలు పడుతుందని చెప్పి వెళ్లింది.

రాజరత్నం మంచం అంచున కూర్చుని ఆ కాళ్లకేసే చూస్తూ ఉండిపోయాడు. ముట్టుకోవడానికి కూడా భయం వేసింది. పొద్దు వాలాక, కునుకు తీసి లేచిన సారిక ఎడమకాలు చాచి ఆయన నడుం మీద ఒక్కటి తన్నింది.

"జరుగు తాతయ్యా, ఇరుకుగా ఉంది."

ఆయన జరగలేదు. కండువాతో కళ్లొత్తుకుని, "ఇంకోటి తన్నమ్మా," అన్నాడు.