నిమ్మకాయ మీదికి దూకే బండి

మా షావుకారు పికప్ బండి ఆగేటప్పుడు ఒకసారి ముందుకు దూకేది. బ్రేకు తొక్కితే నెమ్మదించి, ఇక ఆగిపోయిందని అందరూ అనుకున్నాక జానెడు మేర ముందుకు ఎగిరి, అప్పుడు నిలబడేది. క్లచ్ పూర్తిగా విడవడం లేదని దాన్ని నడిపే నాకు తెలుసు. ఆగే క్షణంలో బ్రేకు మీద కాలు కాస్త సడలితే చాలు, ఇంజను లాగేసేది. షావుకారుకు చెబితే షెడ్డుకు పంపేవాడు. సాలూరులో షెడ్లకేం కొదవ? నేనే చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఆ దూకుడు వల్లే నాకు నలుగురిలో గుర్తింపు వచ్చింది. అరవైల చివర్లో సాలూరంతా లారీలే. లారీ తోలేవాడి ముందు పికప్ తోలేవాణ్ణి ఎవడు లెక్కచేస్తాడు?

ఊరు దాటి ఘాట్ ఎక్కబోయే చోట రోడ్డు పక్కన అమ్మవారి గద్దె ఉండేది. ఏ బండయినా అక్కడ ఆగాలి. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, దాన్ని తొక్కించి కొండెక్కాలి. మేం మాత్రం ఆ తొక్కించడం వేరుగా చేసేవాళ్లం. మా అక్క భర్త, అంటే మా బావ, పొలం పని లేని రోజుల్లో బస్తాలెత్తడానికి నాతో వచ్చేవాడు. బండి ఆగబోయే చోటికి జానెడు ముందు ఆయన నిమ్మకాయ పెట్టేవాడు. వాలు రోడ్డు కాబట్టి అది దొర్లిపోకుండా పక్కన నిలబడి కాలి బొటనవేలితో ఆపి ఉంచేవాడు. బండి వచ్చి ఆగేది. బావ కాలు తీసేసేవాడు. అప్పుడు బండి దూకి కాయను చిదిమేసేది.

"అమ్మోరికి దండం పెట్టినాదిరా మన బండి!" అని బావ చప్పట్లు కొట్టేవాడు.

"ఒరే, నీ బండికి భక్తెక్కువరా, బ్రేకు తక్కువ!" అని ఎదురుగా టీ కొట్టు దగ్గర లారీవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు కోసమే నేను రోజూ అక్కడికి వచ్చేవాణ్ణేమో.

ఒక రోజు అక్క ఈ సంగతి విన్నది. "ఆ కాలితోటే రేపు మడిలోకి దిగాలి. గేపకం ఉన్నాదా నీకు?" అన్నది మొగుడితో. తరవాత నా వైపు చూసింది.

ఆ వేసవి చివరికి దూకుడు పెరిగింది. చితికిన కాయ చక్రం కింద కాక, చక్రం వెనక కనబడడం మొదలైంది. "దీనికి తొందరెక్కువైనాదిరా," అన్నాడు బావ, బొటనవేలు చూసుకుంటూ. నేను నవ్వేశాను.

తొలకరి పడింది. ఉభాలు దగ్గరికొచ్చాయి. మా వైపు వరినాట్లను అలాగే అంటాం. నారు ఎదిగింది, ఇక పొలానికే అంకితమైపోతాను, ఇదే ఆఖరి తిరుగుడు అన్నాడు బావ. కొండ మీది సంతలో చింతపండు ఎత్తుకుని సాయంకాలం దిగుతున్నాం. సన్నగా వాన పడుతోంది. ఎక్కేటప్పుడే గాని, దిగేటప్పుడు ఆ ఆట మేం ఎన్నడూ ఆడలేదు. గద్దె దగ్గర బండి నెమ్మదించగానే టీ కొట్టులోంచి ఒకడు కేకేశాడు.

"దిగేటప్పుడు దండం లేదేటిరా? పని అయిపోతే అమ్మోరు గేపకం రాదా?"

నేను బావ వైపు చూశాను.

"ఇప్పుడొద్దురా. బరువున్నాది. రోడ్డు తడిగున్నాది."

"భయమేటి బావా? నాను లేనా?"

ఆయన పంచె మడతలోంచి నిమ్మకాయ తీసి, దిగి, ముందుకు నడిచాడు. ఎప్పటిలాగే జానెడు కొలిచాడు. ఎప్పటిలాగే బొటనవేలు ఆన్చాడు. వాలు ఇప్పుడు ఆయన వైపుకే ఉందని, వెనక తొట్టి నిండా బరువుందని నాకు తెలియక కాదు. టీ కొట్టులో గ్లాసులు పట్టుకుని అందరూ ఇటే చూస్తున్నారు.

బండి ఆగింది. బావ కాలు తియ్యబోయాడు. తీసే వ్యవధి బండి ఇవ్వలేదు.

ఆయన అరుపు విన్నాక రివర్సు వేసి, బండిని ఆయన కాలి మీంచి వెనక్కి తీశాను. నిమ్మకాయ చితకలేదు. పక్కకు దొర్లి, వాననీటితో పాటు కాలవలోకి పోయింది. టీ కొట్టులో ఎవరూ నవ్వలేదు.

విజయనగరం పెద్దాసుపత్రిలో వేళ్లు తీసేశారు. అక్క వచ్చినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను.

"జారిపోనానే. తడి రోడ్డు కాదేటి? ఆడేటి సేస్తాడు?" అన్నాడు బావ.

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనంలో నాకు కలిగిన ఊరటను తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

నారు ముదిరిపోతోంది. బావ బదులు నేను మడిలోకి దిగాను. ఆయన కట్టు కట్టిన కాలు చాపుకుని గట్టు మీద కూర్చున్నాడు. అక్క వంగి నారు ఊడుస్తోంది, నేను కట్టలు అందిస్తున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయన జారినాడా? నిజం సెప్పు."

"లేదక్కా. బండి ఎగిరింది."

"ఎగురుతాదని నీకు తెలుసా?"

"తెలుసు."

అక్క నడుం ఎత్తింది. నా చేతిలోని కట్ట తీసుకుంది. 

"గట్టెక్కు. ఈ మడిలో నీ కాలెట్టకు."

ఆ మడి అక్క ఒక్కతే ఊడ్చింది. చీకటి పడేదాకా వంచిన నడుం ఎత్తలేదు. బురద కాళ్లతో నేను గట్టెక్కి నిలబడితే, బావ తన కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకు జరుపుకుని నాకు చోటిచ్చాడు.